మళ్ళీ రాయవలసిన పరీక్ష

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే మసీదు ఇమాములకు, మదర్సా ఉస్తాదులకు ఒక మాట తరచుగా వినబడుతుంది: “మౌలానా! మావాడు పరీక్ష తప్పాడు. మళ్ళీ రాయాలట. అన్నం సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఏదైనా దుఆ చెప్పండి.” అడిగేది సాధారణంగా తల్లి. తండ్రి ఆమె వెనక మౌనంగా నిలబడి ఉంటాడు. పరీక్ష తప్పిన పిల్లవాడు మాత్రం రాడు.

దుఆ ఉంది. దాని గురించి ఇప్పుడే చెప్పుకుందాం. అయితే ఆ దుఆ అర్థం కావాలంటే ఒక తేడా గమనించాలి. మొదటిసారి పరీక్ష రాసేవాడి ఆందోళన వేరు, రెండోసారి రాసేవాడి ఆందోళన వేరు. మొదటివాడికి రాబోయేదాని భయం ఒక్కటే ఉంటుంది. రెండోవాడికి దానితోపాటు జరిగిపోయినదాని దుఃఖం కూడా ఉంటుంది. అరబీ భాషలో ఈ రెంటికీ వేర్వేరు పదాలున్నాయి. రాబోయేదాని గురించిన దిగులును ‘హమ్మ్’ అంటారు. గడిచిపోయినదాని గురించిన బాధను ‘హజన్’ అంటారు. మహాప్రవక్త (స) తరచుగా చేసే ఒక దుఆను ఆయన సేవకులు హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. అది సహీహ్ బుఖారీలో ఉంది. అందులో ఆయన (స) అల్లాహ్ శరణు కోరిన విషయాల్లో మొదటి రెండూ ఇవే: హమ్మ్, హజన్. ఆ తర్వాతి రెండు ‘అజ్జ్’, ‘కసల్’. చేతకానితనం ‘అజ్జ్’, చేతనై ఉండీ చేయని బద్ధకం ‘కసల్’. ఆ తర్వాత పిసినారితనం, పిరికితనం. చివరన అప్పుల భారం, మనుషుల పెత్తనం.

ప్రియ విద్యార్థులారా! ఈ వరుసను ఒకసారి మీ పరిస్థితితో పోల్చి చూడండి. పోయిన మార్కుల బాధ, రాబోయే పరీక్ష భయం, ‘నావల్ల కాదు’ అన్న నిస్సహాయత, పుస్తకం తెరవబుద్ధి కాని బద్ధకం, కోచింగ్ కోసం ఇంట్లో చేసిన అప్పు, చుట్టుపక్కలవాళ్ళ మాటలు. మళ్ళీ పరీక్ష రాసేవాడి గుండెలో ఉండేవి దాదాపు ఇవే. మీ బాధ కొత్తదీ కాదు, సిగ్గుపడవలసిందీ కాదు. దాన్నుంచి అల్లాహ్ శరణు ఎలా కోరాలో దైవప్రవక్తే (స) స్వయంగా చేసి చూపారు. దుఆల పుస్తకాలన్నింటిలో ఈ దుఆ దొరుకుతుంది. ఉదయం సాయంత్రం అర్థం తెలుసుకుని చదవండి.

ఎందుకు తప్పింది?

మళ్ళీ రాయవలసి రావడానికి కారణం అందరికీ ఒకటే కాదు. కొందరు తమ లోపం వల్ల తప్పుతారు. చదవలేదు, లేదా చదివిన పద్ధతి సరిగా లేదు. మరికొందరి విషయంలో వాళ్ళ తప్పేమీ ఉండదు. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసిన అభ్యర్థులనే తీసుకోండి. 2022 అక్టోబరు 16న పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రం లీకైనందున 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. 2023 జూన్ 11న మళ్ళీ పెట్టారు. ఆ సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. చివరికి కొత్త నోటిఫికేషన్ ఇచ్చి 2024 జూన్ 9న ఇంకోసారి నిర్వహించారు. బాగా రాసినవాళ్ళు కూడా ఒకే గడపను మూడుసార్లు ఎక్కవలసి వచ్చింది. 2024లోనే నీట్ రాసినవారిలో 1563 మందికి సమయం నష్టపోయారని ముందు అదనపు మార్కులు కలిపారు, తర్వాత తీసేశారు. కావాలంటే జూన్ 23న మళ్ళీ రాసుకోమన్నారు.

ఈ రెండు రకాల వారికీ ఒకే సలహా ఇవ్వడం సరికాదు. తన తప్పు లేనివాడిని ‘ఇంకా కష్టపడి చదవాల్సింది’ అని గుచ్చడం అన్యాయం. తన లోపం ఉన్నవాడిని ‘అంతా విధివ్రాత’ అని ఓదార్చడం అతడికి మేలు చేసినట్టు కాదు. కాబట్టి ముందుగా విద్యార్థి తాను ఏ కోవకు చెందుతాడో నిజాయితీగా తేల్చుకోవాలి. సీరత్, హదీసు గ్రంథాలలో ఇద్దరికీ చెరొక పాఠం ఉంది.

మూడుసార్లు నమాజు చేసిన వ్యక్తి

మొదటి పాఠం తన లోపం ఉన్నవాడికి. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. ఒక వ్యక్తి మస్జిదె నబవీలోకి వచ్చి నమాజు చేశాడు. తర్వాత దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి సలాం చేశాడు. ఆయన (స) సలాంకు జవాబిచ్చి, తిరిగి వెళ్ళి నమాజు చేయమని, అతను చేసినది నమాజు కాలేదని చెప్పారు. అతను వెళ్ళి మళ్ళీ చేశాడు, వచ్చి సలాం చేశాడు. మళ్ళీ అదే మాట. ఇలా మూడుసార్లు జరిగింది. చివరికి అతను తనకు ఇంతకంటే బాగా చేయడం రాదని, నేర్పమని వేడుకున్నాడు. అప్పుడు ఆయన (స) తక్బీర్ నుంచి మొదలుపెట్టి ఖిరాఅత్, రుకూ, సజ్దా ఒక్కొక్కటీ నెమ్మదిగా, స్థిమితంగా ఎలా చేయాలో నేర్పారు.

ఉలమాలు ఈ హదీసు నుంచి నమాజుకు సంబంధించిన ఎన్నో ఆదేశాలు గ్రహించారు. మన విషయానికి సంబంధించినంత వరకు మూడు సంగతులు గమనించాలి. ఒకటి, ప్రతిసారీ ఆయన (స) సలాంకు జవాబిచ్చారు. నమాజు సరిగా లేదన్నారే గాని మనిషిని తీసిపారేయలేదు. రెండు, మొదటి మూడుసార్లూ అతను ఒకే విధంగా చేశాడు. అందుకే ఫలితం మారలేదు. మార్పు వచ్చింది ‘నాకు రాదు, నేర్పండి’ అన్న తర్వాతే. సప్లిమెంటరీ రాసే చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. అదే గైడు, అదే పద్ధతి, అవే అధ్యాయాలు. అర్థం కానివి మళ్ళీ వదిలేయడం. ‘ఈసారి ఎక్కువ గంటలు కూర్చుంటాను’ అనుకుంటారు గాని, ‘ఈ లెక్క నాకు రాదు, నేర్పండి’ అని ఎవరినీ అడగరు. అడగడానికి సిగ్గు. నిండు మస్జిదులో అడగడానికి ఆ వ్యక్తి సిగ్గుపడలేదు. ఆయన అడగబట్టే నేటికీ మనం నమాజు పద్ధతిని ఆ హదీసు నుంచి నేర్చుకుంటున్నాం.

మూడో సంగతి తిర్మిజీలోని ఉల్లేఖనంలో ఉంది. ఇది చాలామంది దృష్టికి రాదు. తేలికగా నమాజు చేసినవాడి నమాజు అసలు నమాజే కాలేదన్న మాట అక్కడున్న సహాబీలకు చాలా భారంగా తోచింది. తర్వాత దైవప్రవక్త (స) వీటిలో ఏది తగ్గితే ఆ మేరకు నీ నమాజులో కొరత ఏర్పడుతుందని వివరించినప్పుడు వారి మనసు తేలికపడింది. కొరత ఉన్నంత మాత్రాన మొత్తం పోయినట్టు కాదని వారికి అర్థమైంది. ఇంటర్‌లో ఒక్క గణితం తప్పిన పిల్లవాడు ‘నా జీవితం అయిపోయింది’ అంటాడు. నాయనా! బోర్డువారు కూడా అలా అనడం లేదు. మిగతా సబ్జెక్టులలో నీకొచ్చిన మార్కులు అలాగే ఉన్నాయి. పోయిన ఆ ఒక్క పేపరే మళ్ళీ రాయమంటున్నారు.

మదర్సాలు కూడా దీనికి అతీతం కాదు. షాబాన్‌లో సాలానా ఇమ్తిహాన్ తప్పినవారికి చాలా మదర్సాలలో ‘జిమ్నీ ఇమ్తిహాన్’ పెడతారు. జిమ్నీలో నెగ్గి తర్వాత మంచి ఆలిములైనవారు లేకపోలేదు. ఇంకో మాట. ఉర్దూలో మనం వాడే ఇమ్తిహాన్, మెహనత్ అనే పదాలు రెండూ ఒకే అరబీ ధాతువు నుంచి పుట్టాయి. శ్రమకూ పరీక్షకూ ఉన్న చుట్టరికం భాషలోనే ఉంది.

హుదైబియా నుంచి వెనుదిరిగిన ఏడాది

రెండో పాఠం తన తప్పు లేకుండా వెనక్కి రావలసి వచ్చినవాడికి. నా ఉద్దేశంలో ఒక సంవత్సరం ఆగి మళ్ళీ పరీక్ష రాసే ప్రతి విద్యార్థీ సీరత్‌లోని ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చదవాలి.

హిజ్రీ 6వ సంవత్సరం, జుల్‌ఖాదా మాసం. దైవప్రవక్త (స) సుమారు 1400 మంది సహాబీలతో ఉమ్రా కోసం మదీనా నుంచి బయలుదేరారు. తాము మస్జిదె హరామ్‌లో ప్రవేశిస్తున్నట్లు అంతకుముందు ఆయన (స) కల చూశారు. ప్రవక్తల కలలు సత్యం. పైగా ముహాజిర్లు తమ ఊరిని వదిలి ఆరేళ్ళు కావస్తోంది. ఇహ్రామ్ ధరించి, ఖుర్బానీ పశువులను వెంట తోలుకుని, గుండెల నిండా ఆశతో వచ్చారు. మక్కా దరిదాపుల్లో హుదైబియా దగ్గర ఖురైషీయులు అడ్డుపడ్డారు. చివరికి కుదిరిన ఒప్పందంలోని ఒక షరతు: ఈ ఏడాది వెనుదిరిగి పోవాలి, వచ్చే ఏడాది వచ్చి మూడు రోజులు ఉండవచ్చు.

సహాబీల దుఃఖం అంతా ఇంతా కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఉండబట్టలేక దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్ళి, మనం కాబాకు వెళ్తామని, తవాఫ్ చేస్తామని మీరు చెప్పలేదా అని అడిగారు. దానికి ఆయన (స), చెప్పాను, అయితే ఈ ఏడాదే వెళ్తామని చెప్పానా అని తిరిగి ప్రశ్నించారు. లేదన్నారు ఉమర్ (రజి). అలాగైతే నీవు వెళ్తావు, తవాఫ్ చేస్తావు అన్నారు ఆయన (స). హజ్రత్ ఉమర్ అక్కడి నుంచి హజ్రత్ అబూబక్ర్ (రజి) దగ్గరికి వెళ్ళి అదే ప్రశ్న అడిగారు. అదే జవాబు వచ్చింది.

విద్యార్థులారా! ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. లక్ష్యం నెరవేరడం వేరు, మనం అనుకున్న తేదీకి నెరవేరడం వేరు. మనిషి ఈ రెంటినీ కలిపి ముడివేసుకుంటాడు. తేదీ తప్పగానే లక్ష్యమే పోయిందని కుప్పకూలిపోతాడు. నీవు డాక్టరువు, ఇంజనీరువు అవుతావని మేము హామీ ఇవ్వలేము. అలాంటి హామీ ఎవరికీ లేదు. కాని పద్దెనిమిదేళ్ళకే కావాలన్న షరతును నీకు నీవే పెట్టుకున్నావు.

ఆ ఏడాది వ్యర్థం కాలేదు. వెనుదిరిగి వస్తున్న దారిలోనే సూరె ఫత్‌హ్ అవతరించింది. సహాబీలు ఓటమిగా భావించినదాన్ని అల్లాహ్ స్పష్టమైన విజయమని అన్నాడు. ఏడాది తిరగకముందే ఖైబర్ జయించబడింది. మరుసటి జుల్‌ఖాదాలో, అంటే హిజ్రీ 7లో, మళ్ళీ ఇహ్రామ్ కట్టుకుని మక్కాలో ప్రవేశించారు. దీనినే ‘ఉమ్రతుల్ ఖజా’ అంటారు. ఇక్కడ ‘ఖజా’ అంటే తప్పిపోయినదానికి బదులు చేయడమని కొందరు ఫుఖహాలు, ఒప్పందం ప్రకారం చేయడమని మరికొందరు చెప్పారు. ఆ చర్చ ఫిఖ్‌హ్ గ్రంథాలలో ఉంది.

ఆ రెండో రాకలో ఒక విశేషం ఉంది. యస్రిబ్ జ్వరాలు ముస్లిములను బలహీనపరచాయని మక్కావారు చెప్పుకుంటూ చూడటానికి నిలబడ్డారు. అప్పుడు దైవప్రవక్త (స) తవాఫ్‌లో మొదటి మూడు చుట్లు వడివడిగా, చురుగ్గా నడవమని సహాబీలను ఆదేశించారు. దీనినే ‘రమల్’ అంటారు. హజ్, ఉమ్రాలకు వెళ్ళిన పురుషులు నేటికీ ఆ సున్నత్‌ను పాటిస్తున్నారు. జనం మాటలకు జవాబు వాదనతో ఇవ్వలేదు. అడుగుతో ఇచ్చారు. రెండోసారి రాస్తున్నావని వెక్కిరించేవారితో గొడవపడుతూ కూర్చునే విద్యార్థి ఈ మూడు చుట్లను గుర్తుంచుకుంటే చాలు.

‘అలా చేసి ఉంటే...’

తప్పిన కారణం ఏదైనా ఇద్దరినీ తినేసే మాట ఒకటుంది. ‘ఆ కాలేజీలో చేరకుండా ఉంటే...’ ‘ఆ రెండు ప్రశ్నలు వదిలేసి ఉంటే...’ రాత్రి పడుకున్నా ఇదే సొద. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసులో మహాప్రవక్త (స) బలవంతుడైన విశ్వాసి బలహీనుడి కంటే శ్రేష్ఠుడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉందని తెలిపారు. నీకు ప్రయోజనమిచ్చేదాని కోసం తపించమని, అల్లాహ్ సహాయం కోరమని, చేతులు ముడుచుకుని కూర్చోవద్దని బోధించారు. ఏదైనా నష్టం జరిగితే ‘అలా చేసి ఉంటే ఇలా అయ్యేది’ అనవద్దని, ఆ ‘అయితే’ అన్న మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని హెచ్చరించారు.

మరి చేసిన తప్పును సమీక్షించుకోవడం కూడా నిషిద్ధమా? కాదు. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ గ్రంథంలో ‘అయితే’ అన్న మాట ఎక్కడ అనుమతించబడిందో తెలిపే ఒక అధ్యాయమే పెట్టారు. హజ్జతుల్ విదా సందర్భంలో దైవప్రవక్త (స) స్వయంగా, తర్వాత తెలిసింది ముందే తెలిసి ఉంటే ఖుర్బానీ పశువులను వెంట తెచ్చేవాణ్ణి కానని అన్నారు. కాబట్టి తేడా ఇది: పాఠం నేర్పే ‘అయితే’ మంచిది, పశ్చాత్తాపంలో ముంచి కదలనివ్వని ‘అయితే’ చెడ్డది. గుర్తుపట్టడం సులభం. కాగితం తీసుకుని రాయండి. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సరైన జవాబుకు 4, తప్పు జవాబుకు 1 కోత. ఊహించి గుర్తుపెట్టినవి ఎన్ని, అందులో తప్పినవెన్ని, తెలిసి ఉండీ సమయం చాలక వదిలేసినవెన్ని? అంకెలుగా రాయగలిగినది పాఠం. రాయడానికి అంకె దొరకని దిగులు మిగిలితే దాన్ని ‘అల్లాహ్ నిర్ణయం’ అని అక్కడ వదిలేయండి.

కొందరు దీనికి పూర్తిగా అవతలి కొసకు పోతారు. ‘నా తఖ్దీర్‌లో లేదు, ఇక చదివి ఏం లాభం’ అంటారు. సిరియా దారిలో ప్లేగు వ్యాధి ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సైన్యంతో వెనక్కి మళ్ళినప్పుడు, అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూఉబైదా (రజి) ప్రశ్నించారు. అవును, అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపుకే పోతున్నామని ఆయన జవాబు. ఒంటెలను ఎండిన గట్టున మేపినా, పచ్చిక ఉన్న గట్టున మేపినా రెండూ తఖ్దీరే అని ఉపమానం కూడా చెప్పారు. రాసి ఉన్నదేమిటో మనకు తెలియదు. తెలియనిదాన్ని సాకుగా చూపే హక్కు కూడా మనకు లేదు.

ప్రాణం మీదికి వస్తే

ఈ విషయం రాయడం కష్టంగా ఉంది, కాని వదిలేయలేము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ ఫలితాలలోనే ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చినట్టు చూపారు. మళ్ళీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. తప్పినవారందరి జవాబు పత్రాలను ప్రభుత్వం మళ్ళీ పరిశీలింపజేస్తే వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారని తేలింది. ఫలితాల కాగితం మనుషులు తయారుచేసేది, అందులో తప్పులుంటాయి. తప్పు లేకపోయినా అది మూడు గంటలలో నీవు రాసినదాని లెక్క మాత్రమే. ప్రాణం అల్లాహ్ అమానతు. దాన్ని తీసుకునే హక్కు మనకు లేదన్న సంగతి ముస్లిం పిల్లలందరికీ తెలుసు. అయినా బాధ ముంచెత్తినప్పుడు తెలిసినదంతా మరుగున పడుతుంది. అందుకే అలాంటి ఆలోచన వచ్చినవాడిని ‘నీకు ఈమాన్ లేదు’ అని నిందించడం తప్పు. అతన్ని ఒంటరిగా వదలకూడదు, అతని మాట వినాలి, వైద్యుడికి చూపించాలి. వైద్యం చేయించుకోవడం సున్నత్. మనసు కూడా జబ్బు పడుతుంది. టెలిమానస్ 14416 నంబరుకు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

తల్లిదండ్రులతో

హుదైబియాలో ఒప్పందం ముగిసిన తర్వాత దైవప్రవక్త (స) ఖుర్బానీ ఇచ్చి తల గొరిగించుకోమని ఆదేశించారు. మూడుసార్లు చెప్పినా దుఃఖభారంతో ఎవరూ లేవలేదు. ఆయన (స) గుడారంలోకి వెళ్ళి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు విషయం చెప్పారు. ఎవరితోనూ ఒక్క మాటైనా అనకుండా వెళ్ళి మీ పశువును ఖుర్బానీ చేయండి, మంగలిని పిలిపించి తల గొరిగించుకోండి అని ఆమె సలహా ఇచ్చారు. ఆయన (స) అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు.

దుఃఖంలో ఉన్నవాడికి నాలుగోసారి చెప్పే ఉపదేశం పనిచేయదు. ఇంట్లో రోజూ ఉదయాన్నే ‘పక్కింటి అబ్బాయికి ఎన్ని మార్కులో చూశావా’ అనే తండ్రి కంటే, ఫజ్ర్ తర్వాత పిల్లవాడి పక్కన కూర్చుని తన పని తాను చేసుకునే తండ్రి మేలు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళు సేవ చేస్తే ఒక్కసారి కూడా ఆయన (స) ‘ఎందుకిలా చేశావు, ఎందుకిలా చేయలేదు’ అని అనలేదు. మనం ఒక ఫలితాల రోజునే పదేళ్ళకు సరిపడా అనేస్తాం.

ఇంకా చెప్పవలసింది ఆడపిల్లల సంగతి. అబ్బాయి తప్పితే లాంగ్ టర్మ్‌కు పంపిస్తారు. అమ్మాయి తప్పితే మరుసటి వారమే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ‘ఎలాగూ చదువు రాలేదు కదా’ అంటారు. అమ్మాయి తప్పింది ఒక్క సబ్జెక్టు. సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే ఉంటుంది. ఆ కొద్ది వారాలు కూడా ఓపిక పట్టకుండా ఆమె చదువు ఆపడం ధర్మం పేరుతో జరిగితే, ఆ పాపంలో ధర్మానికి వాటా లేదని గట్టిగా చెబుతున్నాం.

కోచింగ్ ఫీజు కోసం వడ్డీకి అప్పు చేసే ఇళ్ళు కూడా ఉన్నాయి. వడ్డీ హరామన్న విషయం అలా ఉంచితే, ఆ అప్పు బరువు పుస్తకంతోపాటు పిల్లవాడి తలమీద కూడా ఉంటుంది. పైన చెప్పిన దుఆలో అప్పుల భారం నుంచి శరణు ఊరికే కోరలేదు.

మళ్ళీ ఒక ఏడాదా, వేరే దారా?

నీట్‌ను ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. గరిష్ఠ వయోపరిమితిని కూడా 2022లో తొలగించారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం వరుసగా రెండేళ్ళలో రెండుసార్లే రాయవచ్చు. తలుపు తెరిచి ఉంది కదా అని మూడో ఏడు, నాలుగో ఏడు అదే గదిలో కూర్చునేవారు ఉన్నారు. అందరికీ అది మంచిదని మేము అనుకోవడం లేదు. ఇక్కడే ఇస్తిఖారా అవసరం. ఇస్తిఖారా అంటే ‘సీటు వస్తుందా రాదా’ అని జాతకం చూడటం కాదు. కలలో పచ్చరంగో ఎర్రరంగో కనబడాలన్నదానికి హదీసులో ఆధారం లేదు. రెండు రకాతుల నఫిల్ చేసి, ఈ పనిలో నాకు మేలు ఉంటే సులభం చేయి, కీడు ఉంటే నన్ను దాన్నుంచి మళ్ళించు, మేలు ఎక్కడున్నా అది నాకు ప్రసాదించు అన్న భావంతో దైవప్రవక్త (స) నేర్పిన దుఆ చేయడమే ఇస్తిఖారా. దాంతోపాటు తెలిసినవారితో సంప్రదింపు. గత మార్కులకూ సీటుకూ మధ్య దూరమెంతో చెప్పగలిగిన అధ్యాపకుణ్ణి అడగాలి. కలానికి తావీజు కట్టించుకోవడానికి తిరిగే సమయం దీనికి పెట్టినా చాలు. ‘పాసైతే ఇన్ని ఉపవాసాలు’ అని మొక్కుకునేవారు కూడా తెలుసుకోవాలి. మొక్కు విధివ్రాతను మార్చదని హదీసులో ఉంది. అయితే మొక్కుకుంటే తీర్చడం విధి.

హాఫిజుల పద్ధతి

చదివే పద్ధతి విషయంలో మన హిఫ్జ్ మదర్సాల నుంచి నేర్చుకోదగ్గది ఒకటుంది. హిఫ్జ్ విద్యార్థి రోజూ కొత్త ‘సబఖ్’ ఒక్కటే అప్పజెప్పడు. ఇటీవల కంఠస్థం చేసిన భాగాన్ని, ఎప్పుడో చేసిన ‘ఆమూఖ్తా’ను కూడా ఉస్తాదుకు వినిపించాలి. పుస్తకం చూడకుండా, ఇంకొకరి ముందు. జిబ్రీల్ (అలై) ప్రతి రమజాన్‌లో దైవప్రవక్త (స)తో ఖుర్ఆన్ దౌర్ చేసేవారు. చివరి సంవత్సరం రెండుసార్లు చేశారు. మళ్ళీ పరీక్ష రాసేవారు చేసే పెద్ద పొరపాటు చదివినదాన్నే కళ్ళతో తిరిగి చదవడం. పరిచయమున్న పేజీ వచ్చినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసి కాగితం మీద రాసి చూడండి, లేదా తమ్ముడికి అప్పజెప్పండి. ఏది వచ్చో ఏది రాదో అప్పుడు తెలుస్తుంది. రోజూ కొద్దిగానైనా విడవకుండా చేసే పని అల్లాహ్‌కు ప్రియమైనది. తెల్లవారుజాము వేళలో తన ఉమ్మత్‌కు శుభం కలగాలని దైవప్రవక్త (స) దుఆ చేశారు. మన ప్రాంతపు మే నెల ఎండల్లో చదువు సాగేది కూడా ఆ వేళే. అలాగని రాత్రంతా మేలుకోవద్దు. శరీరానికి కూడా మనమీద హక్కు ఉంది.

పరీక్ష రోజు నమాజుల గురించి చాలామంది అడుగుతారు. ఇంటర్ సప్లిమెంటరీ సాధారణంగా మొదటి సంవత్సరం వారికి ఉదయం 9 నుంచి 12 వరకు, రెండో సంవత్సరం వారికి మధ్యాహ్నం 2:30 నుంచి 5:30 వరకు ఉంటుంది. 2025లో నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు జరిగింది. గేటు 1:30కే మూసేశారు. మధ్యాహ్నం పరీక్ష ఉన్నవారు జొహ్ర్ వేళ కాగానే నమాజు చేసుకుని లోపలికి వెళ్ళాలి. బయటికి వచ్చాక మగ్రిబ్‌లోపు అస్ర్‌కు సమయం ఉంటుంది గనుక హాలులో దాని గురించి కలత పడనక్కర్లేదు. హిజాబ్‌తో వెళ్ళే సోదరీమణులు తనిఖీ కోసం మిగతావారి కంటే ముందుగా చేరుకోవాలి, నీట్ నిబంధనల్లోనే ఆ మాట ఉంటుంది. కేంద్రానికి దగ్గరలో మసీదు ఎక్కడుందో, స్త్రీలకు నమాజు చేసుకునే చోటు ఏదైనా ఉందో ఒకరోజు ముందే వెళ్ళి చూసి రండి.